వేడి పరికరంతో వేడిని కొలవడం: ఇన్‌శాట్‌-3డి ఇమేజర్‌, సౌండర్‌ల లోపలి లెక్కలు

మామూలు కెమెరా లోపల చీకటి ఉంటుంది. షట్టర్‌ తెరిచినప్పుడు బయటి నుంచి వచ్చిన వెలుగు ఒక్కటే లోపల పడుతుంది. వాతావరణ ఉపగ్రహంలో ఉండే పరారుణ కెమెరాకు, అంటే కంటికి కనిపించని వేడి కిరణాలను చూసేదానికి, ఆ సుఖం లేదు. 300 కెల్విన్ల దగ్గర, అంటే ఎండాకాలపు గది వేడిలో ఉన్న ఏ వస్తువైనా 9.7 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం చుట్టూ అన్నిటికన్నా ఎక్కువ వికిరణాన్ని విడుస్తుంది. భూమి నుంచి కొలవాలనుకున్నదీ ఆ ప్రాంతంలోనే. టెలిస్కోపు గొట్టం, అద్దాలు, వాటిని పట్టుకున్న చట్రాలు, చివరికి కాంతిని వడకట్టే ఫిల్టర్‌ కూడా అదే ‘రంగు’లో వెలుగుతుంటాయి. ఆ వెలుగు మధ్య నుంచి 36 వేల కిలోమీటర్ల కింద ఉన్న మేఘపు కొన ఉష్ణోగ్రతను కెల్విన్‌లో పదో వంతు తేడాతో చెప్పగలగాలి. ఈ పరికరాల్లో కనిపించే ప్రతి చిత్రమైన ఏర్పాటుకూ మూలం అక్కడ ఉంది.

భారత వాతావరణ శాఖ వాడే ఇన్‌శాట్‌-3డి ఉపగ్రహాల వరుసను ఉదాహరణగా తీసుకుంటే లెక్కలు తేలిగ్గా కనిపిస్తాయి. మొదటిది 2013 జూలై 26న ఫ్రెంచ్‌ గయానాలోని కౌరూ నుంచి వెళ్లింది. తర్వాతి రెండూ, 2016 సెప్టెంబరు 8న 3డీఆర్‌, 2024 ఫిబ్రవరి 17న 3డీఎస్‌, శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ మీద వెళ్లాయి. మూడింటిలోనూ అహ్మదాబాద్‌లోని ఇస్రో స్పేస్‌ అప్లికేషన్స్‌ సెంటర్‌ తయారుచేసిన రెండు పరికరాలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి చిత్రాలు తీసే ఆరు చానళ్ల ఇమేజర్‌, రెండోది ఎత్తును బట్టి వేడినీ తేమనూ కొలిచే పంతొమ్మిది చానళ్ల సౌండర్‌. చానల్‌ అంటే ఎంచుకున్న ఒక తరంగదైర్ఘ్యాల పట్టీ. రెండింటికీ 310 మి.మీ. వ్యాసం ఉన్న టెలిస్కోపే. ఒకే కొలత టెలిస్కోపు ఒకదానికి నేల మీద నాలుగు కిలోమీటర్ల చుక్క (పిక్సెల్‌), ఇంకోదానికి పది కిలోమీటర్ల చుక్క ఎందుకిస్తుంది? వచ్చిన కాంతి ఒక్కటే, దాన్ని ఖర్చుపెట్టే తీరు వేరు.

ఇమేజర్‌ దృశ్యకాంతి చానల్‌ ఒక కిలోమీటరు వివరం చూపిస్తుంది. 10.3–11.3, 11.5–12.5 మైక్రాన్ల ఉష్ణ చానళ్లలో అది నాలుగు కిలోమీటర్లవుతుంది. డిటెక్టర్లు నాసిరకమని కొందరు అనుకుంటారు గానీ, అడ్డుపడేది వివర్తనం, అంటే అద్దం అంచుల వల్ల కాంతి పరుచుకుపోయే గుణం. తరంగదైర్ఘ్యం λ, అద్దం వ్యాసం D అయితే ఒక బిందువు ప్రతిబింబం 2.44 λ/D కోణం మేర పరుచుకుంటుంది. 12 మైక్రాన్లకు, 310 మి.మీ. అద్దానికి ఇది సుమారు 94 మైక్రోరేడియన్లు. ఉపగ్రహం భూమితో పాటే తిరుగుతూ ఒకేచోట నిలిచినట్టు కనిపించే భూస్థిర కక్ష్య ఎత్తు 35,786 కి.మీ. కాబట్టి నేల మీద ఇది 3.4 కి.మీ. అవుతుంది. పిక్సెల్‌ను 112 మైక్రోరేడియన్ల దగ్గర, అంటే 4 కి.మీ. దగ్గర ఆపడం అందుకే సబబు. అదే అద్దంతో ఉష్ణ చానల్లో ఒక కిలోమీటరు వివరం కావాలంటే ఏ డిటెక్టర్‌ పెట్టినా లాభం లేదు. మరింత చిన్న అడుగులతో కొలిస్తే కొంత పదును తేవచ్చు గానీ, అసలైన వివరానికి పెద్ద అద్దమే దిక్కు. అద్దం పెరిగితే దాన్ని తిప్పే మోటారు, పరికరం బరువు, రాకెట్‌ ముక్కులో పట్టే చోటు, అన్నీ కదులుతాయి.

నీటి ఆవిరి చానల్‌ (6.5–7.1 మైక్రాన్లు) సంగతి వేరు. అక్కడ వివర్తనం రెండు కిలోమీటర్ల వివరానికైనా ఒప్పుకుంటుంది. అయినా పిక్సెల్‌ 8 కిలోమీటర్లుగా పెట్టారు. ఆ తరంగదైర్ఘ్యంలో నేల కనిపించదు. ట్రోపోస్ఫియర్‌ (వాతావరణపు అట్టడుగు పొర) నడిమి, పై భాగాల్లోని చల్లటి ఆవిరి మాత్రమే కనిపిస్తుంది. కాంతి తక్కువ. చుక్కను రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగు రెట్లు, అందే కాంతీ నాలుగు రెట్లు.

ఇక సమయం. భూమి ఉపగ్రహానికి 17.4 డిగ్రీల వెడల్పున కనిపిస్తుంది. అంచుల్లో కాస్త ఖాళీ కలిపి 18 డిగ్రీలు అనుకుందాం. ఇమేజర్‌ చూపు తూర్పు పడమరలుగా సెకనుకు 20 డిగ్రీల వేగంతో ఊడుస్తూ, చివర్లో తిరగబడి, 8 కి.మీ. వెడల్పు పట్టీ చొప్పున దక్షిణానికి దిగుతుంది. పట్టీలు దాదాపు 1,400. ఊడ్చడానికి 0.9 సెకను, తిరగబడటానికి 0.2 సెకను. మొత్తం 26 నిమిషాలు. ఈ వేగంలో ఒక ఉష్ణ పిక్సెల్‌ మీద చూపు నిలిచేది 0.32 మిల్లీసెకను మాత్రమే. ఆ రెప్పపాటులో పడిన ఫోటాన్లతో 0.1 నుంచి 0.3 కెల్విన్ల లోపు సద్దుతో (కొలతలో వచ్చే ఊగిసలాటతో) ఉష్ణోగ్రత చెప్పాలి. అద్దం వేగం తగ్గిస్తే సద్దు తగ్గుతుంది, కానీ చిత్రం అరగంట దాటుతుంది. మేఘాల కదలిక నుంచి గాలివేగం లెక్కగట్టేవారికి, తుఫాను కన్ను ఎటు జరిగిందో చూసేవారికి ఆ జాప్యం పనికిరాదు.

మధ్య పరారుణ చానల్‌, 3.8–4.0 మైక్రాన్లది, ఇంకో రకం చిక్కు తెస్తుంది. 11 మైక్రాన్ల దగ్గర 220 కెల్విన్ల మేఘం, 300 కెల్విన్ల నేల ఇచ్చే కాంతిలో ఐదో వంతు ఇస్తుంది. 3.9 దగ్గర అదే మేఘం ఇచ్చేది ఎనభై ఏడో వంతు. చానల్‌ పరిధిని 340 కెల్విన్ల వరకు పెట్టి, సంకేతాన్ని 10 బిట్లుగా, అంటే 0 నుంచి 1023 అంకెలుగా మార్చారనుకుంటే 220 కెల్విన్ల మేఘానికి దక్కేది రెండుమూడు అంకెలే. రాత్రిపూట ఈ చానల్లో ఎత్తైన క్యుములోనింబస్‌ (పిడుగుల మేఘం) కొనలు ఉప్పూమిరియం చల్లినట్టు గరగరగా కనిపిస్తే పరికరం పాడైందని కంగారుపడనక్కర్లేదు. ఆ చానల్‌ బలం వేరేచోట ఉంది. అడవి మంటలు, రాత్రి పొగమంచు, తక్కువ ఎత్తు మేఘాల దగ్గర దానికి సాటి లేదు.

సౌండర్‌: తరంగదైర్ఘ్యానికి పెట్టిన ఖర్చు

ఇమేజర్‌ వెతికేది ఎక్కడ ఏముందో. సౌండర్‌ వెతికేది ఎంత ఎత్తులో ఎంత వేడి, ఎంత తేమ ఉన్నాయో. ఆధారం కార్బన్‌ డయాక్సైడ్‌. అది గాలిలో అంతటా దాదాపు ఒకే పాళ్లలో కలిసి ఉంటుంది, 15 మైక్రాన్ల చుట్టూ గట్టిగా శోషిస్తుంది. శోషణ తీవ్రంగా ఉన్నచోట, 14.71 మైక్రాన్ల చానల్లో, కింది గాలి నుంచి బయల్దేరిన వికిరణం దారిలోనే ఇంకిపోతుంది. ఉపగ్రహానికి చేరేది స్ట్రాటోస్ఫియర్‌ (ట్రోపోస్ఫియర్‌ పై పొర) నుంచి వచ్చిందే. శోషణ పట్టీ అంచుకు జరుగుతూ 14.06కు, 13.37కు వచ్చేకొద్దీ చూపు కిందికి దిగి, ట్రోపోస్ఫియర్‌ కింది భాగాన్ని అందుకుంటుంది. 12.02 దగ్గర నేల కనిపిస్తుంది. 7.43, 7.02, 6.51 మైక్రాన్లు నీటి ఆవిరి మెట్లు, 9.71 ఓజోన్‌, 4.5 చుట్టూ ఉన్నవి మళ్లీ ఉష్ణోగ్రతవి. ఒక్కో చానల్‌ ఒక్కో లోతుకు వేసిన బొక్కెన లాంటిది. బావిలో ఏ లోతు నీళ్లు వచ్చాయో బొక్కెన తాడు చెబుతుంది, ఇక్కడ తరంగదైర్ఘ్యం చెబుతుంది.

ఈ బొక్కెనలు ఒకదానిలోకి ఒకటి ఒలికిపోకుండా ఉండాలంటే చానళ్లు సన్నగా ఉండాలి. ఇమేజర్‌ 10.3–11.3 చానల్‌ వెడల్పు తరంగసంఖ్యలో (ఒక సెంటీమీటరులో పట్టే తరంగాల లెక్కలో) చెబితే సుమారు 86. ఈ తరహా సౌండర్‌లో 14.71 చానల్‌ వెడల్పు 13 మాత్రమే. కాంతి ఆరేడు రెట్లు తెగిపోయింది. పైగా చూడాల్సింది చల్లటి గాలిని. దీన్ని పూడ్చుకోవడానికి రెండే దారులు, చుక్క పెద్దది చేయడం, చూపు ఎక్కువసేపు నిలపడం. సౌండర్‌ రెండూ చేస్తుంది. చుక్క 10 కి.మీ. అద్దం నిరంతరం ఊడవదు, అడుగేసి ఆగుతుంది. ఒక్కో ఆగుడు 0.1 సెకను. ఆ పదో వంతు సెకనులో ఫిల్టర్‌ చక్రం ఒక చుట్టు తిరిగి, మూడు వలయాల్లో అమర్చిన 18 పరారుణ ఫిల్టర్లను (పంతొమ్మిదో చానల్‌ దృశ్యకాంతిది) డిటెక్టర్ల ముందు నుంచి దాటిస్తుంది. ఒక్కో ఆగుడులో ఉత్తర దక్షిణాలుగా నాలుగు చుక్కలు పడతాయి. 6,000 కి.మీ. చదరపు ప్రాంతానికి 3,60,000 చుక్కలు, 90,000 అడుగులు, 9,000 సెకన్లు. క్రమాంకనానికి, అంటే తెలిసిన గుర్తులతో కొలతను సరిచూసుకోవడానికి, పట్టే సమయం కలపకుండానే రెండున్నర గంటలు. ఇమేజర్‌ అరగంటలో భూగోళమంతా చూస్తుంటే సౌండర్‌ అందులో ముక్కను చూడటానికి పూట గడుపుతుంది. ఇది రూపకల్పనలో లోపం కాదు, పైన చెప్పిన గుణకారాల ఫలితం.

ఫిల్టర్‌ చక్రాన్ని కూడా చల్లబరచాలి. కారణం మొదట చెప్పిందే. వెచ్చటి ఫిల్టర్‌ స్వయంగా వెలుగుతుంది. పైగా చక్రం తిరుగుతున్నందువల్ల ఆ వెలుగు సంకేతం లయలోనే కలిసి వస్తుంది, ఎలక్ట్రానిక్స్‌ విడదీయలేదు.

సౌండర్‌ నుంచి 40 స్థాయుల్లో ఉష్ణోగ్రత, 21 స్థాయుల్లో తేమ వస్తాయని ప్రకటనల్లో ఉంటుంది. ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. 18 కొలతల నుంచి 40 స్వతంత్ర విలువలు రావు. ఒక్కో చానల్‌ చూసేది కొన్ని కిలోమీటర్ల మందం ఉన్న పొరను, పక్క చానల్‌ పొర దాని మీదికి సగానికి పైగా ఎక్కి ఉంటుంది. నిజంగా స్వతంత్రమైన సమాచారం చేతివేళ్ల మీద లెక్కపెట్టేటంతే. మిగతా స్థాయులను ముందస్తు అంచనా నింపుతుంది. ఆ అంచనా సంఖ్యాత్మక వాతావరణ నమూనా నుంచి వస్తుంది. అందుకే విశాఖలోనో హైదరాబాదులోనో ఎగరేసిన రేడియోసాండ్‌ బెలూన్‌ రెండు వందల మీటర్ల మందాన పదునైన ఉష్ణవిలోమాన్ని (పైకి పోయేకొద్దీ వేడి పెరిగే పొరను) చూపిస్తే, అదే చోట సౌండర్‌ రేఖ నున్నగా సాగిపోతుంది. దట్టమైన మేఘం ఉంటే దాని కింది గాలి గురించి పరారుణం ఏమీ చెప్పదు. తుఫాను నడిబొడ్డున ఏం జరుగుతోందో తెలియాలంటే మైక్రోవేవ్‌ పరికరాలే దిక్కు. పరారుణ సౌండర్‌ అసలు విలువ మబ్బు కట్టకముందు, పిడుగుల వానకు ముందు గాలి ఎంత అస్థిరంగా ఉందో చూడటంలో ఉంది.

చలువ కోసం

12 మైక్రాన్ల ఫోటాన్‌ శక్తి సుమారు 0.1 ఎలక్ట్రాన్‌ ఓల్టు. దాన్ని పట్టాలంటే డిటెక్టర్‌ పదార్థంలో ఎలక్ట్రాన్‌ దాటాల్సిన గడప కూడా అంతే ఎత్తున ఉండాలి. మెర్క్యురీ కాడ్మియం టెల్యురైడ్‌లో మెర్క్యురీ, కాడ్మియం పాళ్లు మార్చి ఆ గడపను దిద్దుతారు. గడప ఇంత తక్కువైతే గది వేడికే ఎలక్ట్రాన్లు వాటంతట అవే దాటేస్తాయి, సంకేతం సద్దులో మునిగిపోతుంది. అందుకే డిటెక్టర్‌ను 100 కెల్విన్ల దగ్గరికి దించుతారు.

ఇన్‌శాట్‌-3డిలో దీనికి కంప్రెసర్‌ లేదు. నల్లపూత పూసిన పలక ఒకటి చీకటి రోదసిని చూస్తూ వేడిని వికిరణంగా పారబోస్తుంది. వినడానికి తేలిక. లెక్క వేస్తే గుండె జారుతుంది. 300 కెల్విన్ల దగ్గర చదరపు మీటరు పలక 459 వాట్లు పారబోస్తుంది. 95 కెల్విన్ల దగ్గర 4.6 వాట్లే. వికిరణం ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పడిపోతుంది మరి. చదరపు మీటరులో ఇరవయ్యో వంతు పలకకు మొత్తం బడ్జెట్‌ 230 మిల్లీవాట్లు. డిటెక్టర్‌లో పుట్టే వేడి, వైర్ల గుండా పాకే వేడి, ఆధారాల గుండా వచ్చేది, చుట్టూ ఉన్న గోడల వికిరణం, అన్నీ ఇందులోనే సర్దుకోవాలి. ఒక వైరు అనవసరంగా లావైతే డిటెక్టర్‌ ఉష్ణోగ్రత పెరుగుతుంది. అందుకే పలకను సన్నని, వేడిని సరిగా మోయని పట్టీల మీద వేలాడదీస్తారు, మెట్లుమెట్లుగా చల్లబరుస్తారు.

ఇక సూర్యుడు. చదరపు మీటరుకు 1,361 వాట్ల ఎండ ముందు 4.6 వాట్ల పలక ఎక్కడ నిలుస్తుంది? నేరుగా పడనక్కర్లేదు, పక్కనున్న సౌరఫలకం మీద పడి తిరిగొచ్చినా చాలు. అందుకే ఈ ఉపగ్రహానికి సౌరఫలకం ఒక పక్కే ఉంటుంది, కూలర్‌ ఎదుటి పక్క. మార్చి నుంచి సెప్టెంబరు దాకా సూర్యుడు భూమధ్యరేఖకు 23.5 డిగ్రీల వరకు ఉత్తరానికి వస్తాడు కాబట్టి ఉత్తర ముఖం వైపు కూలర్‌కు ఎండ తగులుతుంది. దీనికి చేసిన ఏర్పాటు ముచ్చటైనది. ఏడాదికి రెండుసార్లు, విషువత్తుల (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల) సమయంలో, ఉపగ్రహాన్ని మొత్తంగా 180 డిగ్రీలు తిప్పేస్తారు. కూలర్‌ ఎప్పుడూ సూర్యుడు లేని ధ్రువం వైపే చూస్తుంది. చిత్రం తలకిందులుగా వస్తుంది, దాన్ని నేల మీద కంప్యూటర్‌ సరిచేస్తుంది.

కంప్రెసర్‌తో చల్లబరిచే పరికరాలు ఈ బాధలు తప్పించుకుంటాయి, వేరే బాధలు తెచ్చుకుంటాయి. అమెరికా గోస్‌-17 ఉపగ్రహం 2018 మార్చి 1న వెళ్లింది. దాని 16 చానళ్ల ఇమేజర్‌లో కొన్ని డిటెక్టర్లు 60 కెల్విన్ల దగ్గర పనిచేయాలి. చల్లబరిచే కంప్రెసర్‌ యంత్రం, క్రయోకూలర్‌, బాగానే ఉంది. అది తీసిన వేడిని రేడియేటర్‌కు మోసే లూప్‌ హీట్‌పైపుల్లో ద్రవం సరిగా పారలేదు. లోపల చిక్కుకున్న నలుసులే కారణం కావచ్చని విచారణ తేల్చింది. విషువత్తులకు అటూ ఇటూ ఉన్న వారాల్లో రాత్రిపూట కొన్ని గంటలపాటు పలు పరారుణ చానళ్లు చెడిపోయేవి. 2022 మార్చి 1న వెళ్లిన గోస్‌-18కు ఆ ఏర్పాటును మార్చి కట్టారు. పరికరంలోని అత్యంత సంక్లిష్టమైన భాగం కాదు, దాని చెత్త మోసే కాలువ దెబ్బతీసింది.

సున్నా ఎక్కడుంది, వంద ఎక్కడుంది

డిటెక్టర్‌ ఇచ్చేది అంకె మాత్రమే. దాన్ని ఉష్ణోగ్రతగా మార్చాలంటే రెండు తెలిసిన గుర్తులు కావాలి. ఒకటి రోదసి, అది దాదాపు సున్నా. రెండోది పరికరంలోనే ఉన్న కృష్ణవస్తువు (తన ఉష్ణోగ్రతకు తగ్గ వికిరణాన్ని పూర్తిగా విడిచే నల్లటి వస్తువు), దాని ఉష్ణోగ్రతను అతికించిన సెన్సర్లు చెబుతాయి. కృష్ణవస్తువును స్కాన్‌ అద్దానికి ముందు పెట్టడం ముఖ్యం. అప్పుడే భూమి నుంచి వచ్చే కాంతి దాటే ప్రతి అద్దమూ, లెన్సూ క్రమాంకనంలో పాలుపంచుకుంటాయి. సగంలో పెడితే ముందున్న అద్దం మసకబారినా తెలియదు. రోదసిని తరచుగా చూస్తారు, కృష్ణవస్తువును అప్పుడప్పుడు చూస్తారు. డిటెక్టర్‌ సున్నా సెకన్లలో జారుతుంది, దాని వాలు, అంటే ఒక్కో అంకెకు ఎంత వికిరణమో చెప్పే నిష్పత్తి, నెమ్మదిగా మారుతుంది. సున్నాను సరిగా పట్టకపోతే చిత్రంలో అడ్డచారలు పడతాయి.

రెండు గుర్తుల మధ్య గీత తిన్నగా ఉండదు. పొడవు తరంగాల డిటెక్టర్లు కాస్త వంగిన స్పందన ఇస్తాయి. ఆ వంపును ప్రయోగానికి ముందే, శూన్యపు గదిలో, వేర్వేరు ఉష్ణోగ్రతల కృష్ణవస్తువును చూపించి కొలిచి పెట్టుకోవాలి. కక్ష్యలోకి వెళ్లాక ఆ అవకాశం లేదు. ఫిల్టర్లదీ అదే తీరు. మామూలు గాలిలో, గది వేడిలో కొలిచిన ఫిల్టర్‌ పూత పొరల్లో తేమ ఉంటుంది. శూన్యంలో అది ఆరిపోతే, పైగా చల్లబడితే, చానల్‌ మధ్యబిందువు జరుగుతుంది. కార్బన్‌ డయాక్సైడ్‌ పట్టీ వాలు మీద ఉన్న చానల్‌ పిసరంత జరిగినా బొక్కెన వేరే లోతుకు పడినట్టే. సద్దును సగటు తీసి తగ్గించుకోవచ్చు. ఈ తప్పు ప్రతిసారీ ఒకే వైపుకు లాగుతుంది కాబట్టి అలా పోదు. అందుకే పనిచేసే ఉష్ణోగ్రతలో, శూన్యంలో కొలవని ఫిల్టర్‌ వివరాలను నమ్మి లెక్కలు కట్టకూడదు.

స్కాన్‌ అద్దం కూడా నిర్దోషి కాదు. వెండినో అల్యూమినియాన్నో కాపాడే సిలికాన్‌ ఆక్సైడ్‌ పూత పరారుణంలో కొంత శోషిస్తుంది, అంటే వెలుగుతుంది. అద్దం వంగిన కోణాన్ని బట్టి ఆ వెలుగు మారుతుంది. 1994లో వెళ్లిన గోస్‌-8లో ఇది బయటపడింది. రోదసిని తూర్పు అంచున చూస్తే ఒక సున్నా, పడమటి అంచున చూస్తే ఇంకో సున్నా. కోణానికి తగ్గ సవరణ పట్టిక తర్వాత చేర్చాల్సివచ్చింది.

అన్నిటికన్నా మొండిది అర్ధరాత్రి సూర్యుడు. భూస్థిర ఉపగ్రహం ఎప్పుడూ భూమి వైపే చూస్తుంది. విషువత్తుల చుట్టూ ఉన్న వారాల్లో, ఉపగ్రహం ఉన్నచోట అర్ధరాత్రికి అటూ ఇటూ, సూర్యుడు భూమి అంచు దాపున నిలబడి నేరుగా టెలిస్కోపు నోట్లోకి చూస్తాడు. స్కాన్‌ అద్దం, రెండో అద్దాన్ని పట్టుకున్న కాళ్లు వేడెక్కుతాయి. ఆ వేడి కృష్ణవస్తువును చూసేటప్పుడు ఒకలా, రోదసిని చూసేటప్పుడు ఇంకోలా కలుస్తుంది. వాలు తప్పుగా వస్తుంది. 3.9 మైక్రాన్ల చానల్‌ ఎక్కువ దెబ్బతింటుంది. ఆ కొన్ని గంటలు అప్పటి కృష్ణవస్తువు లెక్కను పక్కనపెట్టి, పరికరంలోని భాగాల ఉష్ణోగ్రతలతో ముందే కట్టిన సంబంధం నుంచి వాలును తెచ్చుకోవడం వాడుకలో ఉన్న ఉపాయం.

మంచు పేరుకోవడం నెమ్మదైన జబ్బు. ఉపగ్రహంలోని ఇన్సులేషన్‌, జిగురు, ప్లాస్టిక్‌ వైర్లు నేల మీద పీల్చుకున్న తేమను నెలల తరబడి విడుస్తాయి. అది వెళ్లి అతి చల్లటి చోట, అంటే డిటెక్టర్‌ కిటికీ మీద, మంచుగా కూర్చుంటుంది. మంచు 12 మైక్రాన్ల చుట్టూ గట్టిగా శోషిస్తుంది కాబట్టి ఆ చానల్‌ సంకేతం ముందు పడిపోతుంది. మందు ఒకటే, కూలర్‌ను గది వేడికి తెచ్చి మంచును ఆవిరి చేయడం. ఆ పని జరిగే రోజుల్లో ఉష్ణ చిత్రాలు ఉండవు. తుఫాను కాలం చూసుకుని ఆ పని పెట్టుకోవాలి.

చూపు నిలకడ గురించి ఒక మాట. ఉపగ్రహం ఒక మైక్రోరేడియన్‌ వంగితే నేల మీద 36 మీటర్లు. అరగంట తేడాతో తీసిన రెండు చిత్రాల మధ్య ఒక ఉష్ణ పిక్సెల్‌ తప్పు దొర్లితే గాలివేగంలో సెకనుకు 2.2 మీటర్ల తప్పు. ఇమేజర్‌ అద్దం సెకనుకోసారి తిరగబడుతుంటే ఆ కుదుపు పక్కనే అడుగులేస్తున్న సౌండర్‌కు తగులుతుంది. అద్దం ఎప్పుడు ఎటు కదలబోతుందో ముందే తెలుసు గనక ఆ మేరకు రెండో పరికరం అద్దాన్ని ఎదురు దిద్దడం ఈ తరహా ఉపగ్రహాల్లో రివాజు.

ఫిల్టర్‌ చక్రాన్ని దాటి వెళ్లిన సౌండర్లు కాంతిని వడకట్టవు, మైకెల్సన్‌ వ్యతికరణమాపకంలో రెండుగా చీల్చి, ఒక దారిని పొడిగిస్తూ మళ్లీ కలుపుతాయి. రెండు దారుల పొడవుల తేడా 2 సెంటీమీటర్ల వరకు వెళ్తే తరంగసంఖ్యలో 0.25 సందులతో వర్ణపటం చేతికొస్తుంది. 2006 అక్టోబరు 19న వెళ్లిన యూరప్‌ ఉపగ్రహం మెటాప్‌-ఎ లోని ఐఏఎస్‌ఐ అనే సౌండర్‌ ఇలా 8,461 చానళ్లు ఇచ్చింది. అది ధ్రువ కక్ష్య. భూస్థిర కక్ష్యలో ఈ పని మొదట చేసింది 2016 డిసెంబరులో వెళ్లిన చైనా ఫెంగ్‌యున్‌-4ఏ. 2025 జూలై 1న వెళ్లిన యూరప్‌ ఎంటీజీ-ఎస్‌1 సౌండర్‌లో 160 × 160 పిక్సెళ్ల డిటెక్టర్‌ ఉంది. 4 కి.మీ. చుక్కలతో 640 కి.మీ. చదరాన్ని ఒకేసారి చూస్తూ పది సెకన్లు నిలుస్తుంది. అదే పది సెకన్లలో ఇన్‌శాట్‌ సౌండర్‌ వంద అడుగులు వేసి 400 చుక్కలు చూస్తుంది, అదీ 18 పరారుణ చానళ్లలో. అద్దం పెరగడం వల్ల వచ్చిన తేడా కాదిది, కాంతిని 25,600 చోట్ల ఒకేసారి పట్టడం వల్ల వచ్చింది. దానికి కట్టే మూల్యం కంప్రెసర్‌తో చల్లబరచడం, ఆ కంప్రెసర్‌ వణుకు వ్యతికరణ పట్టీలను చెదరగొట్టకుండా చూసుకోవడం, పాతిక వేల డిటెక్టర్లలో ప్రతిదాని వంపునూ విడివిడిగా కొలిచి పెట్టుకోవడం.